పాడవలేదని చెప్పినందుకు ఎంతివ్వాలి?

మా అక్క కొడుకు పోయిన వేసవిలో ఐటీఐ పూర్తి చేశాడు. ట్రేడు ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్, రెండేళ్ల కోర్సు. ఫలితాలొచ్చిన వారానికి గుంటూరు వచ్చి, మా రక్తపరీక్షల ల్యాబులో బల్ల పక్కన స్టూలు మీద కూర్చుని అడిగాడు: "పిన్నీ, మీ మైక్రోస్కోపు బాబాయి గారి దగ్గర పని నేర్చుకుందామనుకుంటున్నా. అందులో ఎంతొస్తుంది?"

బాబాయి గారు మాకు బంధువు కాదు. విజయవాడ నుంచి వచ్చి గుంటూరు, తెనాలి ల్యాబుల్లో మైక్రోస్కోపులు, రక్తం ట్యూబుల్ని వేగంగా తిప్పే సెంట్రిఫ్యూజులు, రంగుని బట్టి కొలిచే కలరీమీటర్లు బాగుచేసే పెద్దాయన. కొత్తపేటలో చాలామంది ల్యాబులవాళ్లకి ఆయన బాబాయి గారే. పదకొండేళ్లుగా ఆయన పని చూస్తున్నాను. నెలాఖరుకి ఆయన చేతిలో ఎంత మిగులుతుందో మాత్రం ఏనాడూ అడగలేదు. వాడు అడిగినదానికి నా దగ్గర జవాబు లేకపోయింది. కనుక్కోవాలని వెళ్తే, ఆయనకి తక్కువ మిగలడంలో నా చెయ్యి కూడా ఉందని తెలిసింది. అందుకే ఇదంతా రాస్తున్నాను.

పన్నెండు నిమిషాల పని

మూడేళ్ల కిందటి సంగతి. డెంగీ రోజులు. మెషీన్ ఇచ్చిన ప్లేట్‌లెట్ కౌంటు మీద అనుమానం వస్తే గళ్లున్న గాజు ఛాంబర్లో వేసి, నలభై రెట్లు పెద్దది చేసి చూపే నలభై లెన్సు కింద మేమే లెక్కపెట్టుకుంటాం. ఆ నలభై లెన్సులో అంతా మసక. పొగమంచులో చూస్తున్నట్టుంది. బయట బెంచీ మీద జ్వరంతో మనుషులు, లోపల నాకు టెన్షన్. మైక్రోస్కోపు అమ్మిన డీలరుకి ఫోన్ చేస్తే, వచ్చి చూడకుండానే "లెన్సు మార్చాలి మేడం, ఆరు వేలవుతుంది" అన్నాడు. బాబాయి గారిని పిలిచాను.

ఆయన ముందు ఒక స్లైడు పెట్టి మూడు లెన్సుల్లోనూ చూశారు. తర్వాత నలభై లెన్సు మర విప్పి తీశారు. కంటి దగ్గరుండే ఐపీసును ఊడదీసి తలకిందులుగా పట్టుకున్నారు. అలా తిప్పితే అది మంచి భూతద్దం అవుతుందట, ఇన్నేళ్లుగా ఈ పనిలో ఉండి కూడా నాకు తెలియదు. దాంతో లెన్సు కొసని చూసి, "ఇదిగో చూడమ్మా" అన్నారు. గాజు మీద సన్నగా ఎండిపోయిన నూనె పొర. వంద లెన్సు కోసం స్లైడు మీద వేసిన నూనె అది. తుడవకుండా లెన్సులు పక్కకి తిప్పినప్పుడు నలభైకి అంటింది.

అగ్గిపుల్లకి దూది చుట్టారు. నూనెని కరిగించే జైలీన్ ఒక్క చుక్క తగిలించి, ఆ దూదిని మళ్లీ లెన్సు పేపరు మీద అద్ది తడి తీసేశారు. జైలీన్ ఎక్కువై లోపలికి దిగితే లెన్సుని పట్టి ఉంచే బంక వదులైపోతుందన్నారు. గాజు మధ్య నుంచి అంచుకి, గుండ్రంగా తిప్పుతూ, నొక్కకుండా తుడిచారు. నోటి ఆవిరి ఊది పొడి పేపరుతో మళ్లీ. చివరికి ట్యూబులైటు ప్రతిబింబం ఆ చిన్న గాజులో గీతలా తేటగా కనిపించేదాకా. గోడ గడియారంలో పన్నెండు నిమిషాలు.

"ఏం పాడవలేదమ్మా. మార్చేదేం లేదు" అని, 800 అడిగారు.

"ఏమీ మార్చలేదు కదా బాబాయి గారూ" అని 300 చేతిలో పెట్టాను. ఆయన లెక్కపెట్టకుండా జేబులో పెట్టుకున్నారు. టీ తాగి వెళ్లమంటే తాగి వెళ్లారు. ఆరు వేల ఖర్చు తప్పిందని ఆ రాత్రి ఇంట్లో సంబరంగా చెప్పాను.

మూడు వారాల తర్వాత ఒకాయన తన భార్య రిపోర్టుల కోసం వచ్చాడు. సీబీపీ అనే రక్తకణాల పరీక్ష, షుగరు, థైరాయిడ్. అన్నీ నార్మల్. కాగితాలు అటూ ఇటూ తిప్పి, "ఏమీ లేదనే తేలింది కదమ్మా, కాస్త తగ్గించి తీసుకోండి" అన్నాడు. మర్యాదగానే అడిగాడు. నేనూ మర్యాదగానే చెప్పాను: "ఏమీ లేదని తెలియాలన్నా చూడాలి కదండీ. మేం తీసుకునేది చూసినందుకు." ఆయన డబ్బులిచ్చి వెళ్లిపోయాడు. నాకు ఆ 300 గుర్తొచ్చి, మధ్యాహ్నం అన్నం సయించలేదు.

నేను రోజంతా అమ్మేది చాలావరకు 'నార్మల్' అనే మాటే. మా ల్యాబు అద్దె, కరెంటు బిల్లు, పిల్లల ఫీజులు దాంతోనే నడుస్తున్నాయి. నార్మల్ అని రాసినందుకు డబ్బు తిరిగివ్వమని ఎవరైనా అడిగితే అన్యాయం అనిపిస్తుంది. అదే అన్యాయం నేను ఆయనకి చేశాను. నా అభిప్రాయం ఇప్పుడు ఒక్కటే: పరికరం బాగుచేసేవాళ్లకి చూసినందుకు ఫీజు ఇవ్వాలి. మార్చాల్సింది ఉన్నా, లేకపోయినా. అది స్పేర్ల బిల్లులో కలపకుండా, తగ్గించకుండా, విడిగా ఇవ్వాలి.

డైరీలో ఒక నెల

పిల్లాణ్ణి వెంటబెట్టుకుని విజయవాడ సింగ్‌నగర్‌లో ఆయన ఇంటికి వెళ్లాను. అడగడానికి మొహమాటపడ్డాను గానీ ఆయన పడలేదు. డైరీ తీసి ఫిబ్రవరి నెల ముందు పెట్టారు. రోజూ ఎక్కడికి వెళ్లిందీ, ఏం చేసిందీ, ఎంతొచ్చిందీ పెన్సిలుతో రాసుకున్నారు.

ఆ నెలలో 46 చోట్లకి వెళ్లారు. 17 చోట్ల మార్చాల్సిందేమీ లేదు. దుమ్ము, నూనె, వదులైన వైరు, తప్పుగా పెట్టిన మీట, ఇలాంటివే. ఆ 17లో 9 చోట్ల ఒక్క రూపాయి రాలేదు. మిగతా 8 చోట్ల 100 నుంచి 300 దాకా ఇచ్చారు. మొత్తం నెలకి చేతికొచ్చింది 34,600. అందులో స్పేర్లకి 9,800, బస్సులకీ ఆటోలకీ 4,300 పోగా మిగిలింది 20,500. ఒక నర్సింగ్ హోమ్ మూడు నెలలుగా బాకీ ఉంది, అది ఈ లెక్కలో లేదు. ఆయన వయసు 61, అనుభవం 34 ఏళ్లు. మా ల్యాబులో రెండేళ్ల కిందట చేరిన టెక్నీషియన్‌కి నేనిచ్చే జీతం దీనికి పెద్ద దూరంలో లేదు.

వచ్చిన డబ్బులో ఎక్కువ భాగం ఎక్కణ్ణుంచి వచ్చిందా అని చూస్తే, ఏదో ఒకటి మార్చిన చోట్ల నుంచే. బల్బు, ఫ్యూజు, బెల్టు, సెంట్రిఫ్యూజు మోటారు కార్బన్ బ్రష్షులు. ఆయనే చెప్పారు: "బ్రష్షులు మార్చి ఏడొందలడిగితే ఎవరూ మాట్లాడరమ్మా. పాత బ్రష్షు చేతిలో పెడతాను కదా, అరిగిపోవడం కళ్లకి కనపడుతుంది. తుడిచి బాగుచేస్తే చేతిలో పెట్టడానికేముంది?"

ఆయన దగ్గరే నాలుగేళ్లు పని నేర్చుకున్న కుర్రాడొకడు ఇప్పుడు సొంతంగా తిరుగుతున్నాడు. వాడి సంచిలో ఎప్పుడూ ఒక కాలిపోయిన బోర్డు ఉంటుందట. ఎక్కడైనా వదులైన కనెక్షన్ సరిచేశాక, ఆ బోర్డు చూపించి "ఇది మార్చానండీ" అంటాడు. డబ్బు అడిగినంతా ఇస్తారు. బాబాయి గారు ఈ మాట చెప్పేటప్పుడు కోపం చూపలేదు, తల దించుకుని డైరీ మూశారు. నేను మొదట ఆ కుర్రాణ్ణి తిట్టుకున్నాను. ఇంటికొచ్చేటప్పుడు బస్సులో ఆలోచిస్తే, ఆ బోర్డు వాడి సంచిలో పెట్టింది మా బోటివాళ్లమే అనిపించింది. నిజం చెప్పినవాడికి టీ, అబద్ధం చెప్పినవాడికి రెండు వేలు ఇచ్చే చోట ఇరవై రెండేళ్ల పిల్లాడు ఏం నేర్చుకుంటాడు?

మా వారి అభ్యంతరం

మా వారు దీనికి ఒప్పుకోలేదు. డాక్టరు దగ్గరికి వెళ్లి, "ఏం లేదు, గ్యాసే" అంటే 500 ఇచ్చి దణ్ణం పెట్టి వస్తాం కదా అన్నాను. డాక్టరుకి చదువుంది, మెడికల్ కౌన్సిల్ ఉంది, తప్పు చేస్తే ఫిర్యాదు చెయ్యడానికి ఒక చోటుంది అన్నారాయన. చూసినందుకే డబ్బంటే, స్క్రూడ్రైవరు పట్టుకున్న ప్రతివాడూ వచ్చి చూసి 500 పట్టుకుపోతాడు, వాడు నిజంగా చూశాడో లేదో నీకెలా తెలుస్తుంది అని అడిగారు. మంచి ప్రశ్న. చాలా రోజులు దీని దగ్గరే ఆగిపోయాను.

దీనికి కొంత జవాబు మా బావ దగ్గర దొరికింది. మా మేనమామ కొడుకు గుంటూరులో కాటాలు రిపేరు చేస్తాడు. ఆ పనికి లైసెన్సు తప్పనిసరి. 2009 నాటి లీగల్ మెట్రాలజీ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా తూనికలు, కొలతల పరికరాలు తయారుచెయ్యకూడదు, అమ్మకూడదు, రిపేరు కూడా చెయ్యకూడదు. ఎలక్ట్రానిక్ కాటాకి ఏడాదికోసారి ముద్ర వేయించుకోవాలి. సీలు విప్పి రిపేరు చేస్తే మళ్లీ తనిఖీ చేయించాలి. అంటే మా వారడిగినవన్నీ ఉన్నాయి: లైసెన్సు, రిజిస్టరు, సీలు, పైన అధికారి. మరి బేరం ఆగిందా? లేదు. ప్రభుత్వం పెట్టిన ముద్ర ఫీజు దగ్గర ఎవరూ నోరెత్తరు, ఆ పక్కనే తన కూలి దగ్గర మాత్రం ప్రతివాడూ సగానికి అడుగుతాడని బావ అన్నాడు. చట్టం బావకి ఏటా పని తెచ్చిపెడుతోంది. ఆ పనికి విలువ కట్టాల్సింది మనమే.

బావతో ఒకసారి మిర్చి యార్డుకి వెళ్లాను. ఒక కొట్టులో ప్లాట్‌ఫారం కాటా తక్కువ చూపిస్తోందని ఒక రైతు గొడవ పెట్టుకున్నాడు. ఘాటుకి నేను తుమ్ముతూనే ఉన్నాను. బావ తెలిసిన బరువు రాళ్లని నాలుగు మూలల్లోనూ మార్చి మార్చి పెట్టి చూశాడు. మూడు మూలల్లో సరిగ్గానే ఉంది, ఒక మూల తగ్గుతోంది. పైపళ్లెం ఎత్తాడు. ఆ మూల కింద మిరప తొడిమలు, దుమ్ము కలిసి గట్టిగా దిమ్మకట్టి ఉన్నాయి. పళ్లెం కింద లోడ్ సెల్ అనే లోహపు దిమ్మ ఉంటుంది. బరువుకి అది కంటికి కనపడనంత వంగుతుంది, ఆ వంపే పైన అంకెగా కనిపిస్తుంది. ఇక్కడ బరువులో కొంత ఆ తొడిమల ముద్ద మోస్తోంది, లోడ్ సెల్ దాకా రావడం లేదు. బావ దాన్ని గోకి తీసేశాడు. అయిదు నిమిషాలు. సీలు జోలికి వెళ్లే పనే పడలేదు.

టిక్కీకి, అంటే మిర్చి బస్తాకి, పావు కిలో తగ్గిందనుకుందాం. ఎనభై టిక్కీలు తెచ్చిన రైతుకి ఇరవై కిలోలు పోతాయి. క్వింటా 15,000 లెక్కన చూసినా 3,000 రూపాయలు, అదీ ఒక్క రైతుకి, ఒక్క రోజున. కొట్టు యజమాని బావకి 200 ఇచ్చి, "తుడిచినందుకే కదా" అన్నాడు. ఆ రైతు పక్కనే నిలబడి ఉన్నాడు. ఆ పనితో బాగుపడింది అతను, కూలి ఇవ్వాల్సింది ఇంకొకరు. మా ల్యాబులోనూ అంతే. లెన్సు మసకైతే నష్టపోయేది బెంచీ మీద కూర్చున్న మనిషి, బేరమాడేది నేను.

మా వారికి ఇంకో మాట కూడా చెప్పాను. రక్త పరీక్షలు చేసే మా పెద్ద యంత్రం ఎనలైజరుకి కంపెనీతో ఏడాది మెయింటెనెన్సు ఒప్పందం ఉంది. 28,000 ముందే కట్టేస్తాను. పోయిన ఏడాది ఇంజనీరు మూడుసార్లొచ్చాడు. రెండుసార్లు శుభ్రం చేసి, రీడింగులు చూసి, అంతా బాగుందని కాగితం ఇచ్చి వెళ్లాడు. ఏమీ మార్చలేదు కదా, తగ్గించమని నేనడగలేదు. పాడవలేదని చెప్పినందుకు డబ్బివ్వడం నాకు ముందే అలవాటన్నమాట. కంపెనీ పేరున్న బిల్లు మీద అయితే ఇస్తాను. బస్సు దిగి నడిచొచ్చిన పెద్దాయన నోటితో అడిగితే ఇవ్వను.

ఆ ఎనలైజరు మూత బాబాయి గారు విప్పలేరు. చేతకాక కాదు. సర్వీసు పాస్‌వర్డు కంపెనీ దగ్గరుంటుంది. కంపెనీలు రిపేరు సమాచారం అందరికీ ఇచ్చేలా 2022 డిసెంబరులో కేంద్రం రిపేరు హక్కు పోర్టల్ తెచ్చినప్పుడు ఎంచుకున్న రంగాలు నాలుగు: వ్యవసాయ పరికరాలు, మొబైళ్లు, ఎలక్ట్రానిక్స్ కలిపి ఒకటి, గృహోపకరణాలు, వాహనాలు. మా ల్యాబు యంత్రాలు వాటిలో లేవు. కాబట్టి ఆయనకి మిగిలిన చోటు చిన్నది. ఆ చిన్న చోట్లోనే మేం బేరమాడుతున్నాం.

అన్నిచోట్లా కుదరదు

ఈ వాదన అన్నిటికీ అతకదని నాకు తెలుసు. కూరగాయల బండి మీద పెట్టుకునే చిన్న కాటా కొత్తదే రెండు మూడు వేలకి దొరుకుతోంది. దాన్ని చూసినందుకు 500 ఇవ్వమని ఏ ముఖం పెట్టుకుని చెప్పను? రిపేరు ఖర్చు కొత్తదాని ధరకి దగ్గరయితే ఎవరైనా కొత్తదే కొంటారు. వాచీల విషయంలో అదే జరిగింది. హెచ్‌ఎంటీ వాచీల కంపెనీ మూసివేతకి 2016లో కేంద్రం ఒప్పుకునేనాటికే, వాచీ విప్పి చక్రాలు కడిగి నూనె వేసే పనికి గిరాకీ పడిపోయింది. ఇప్పుడు మా వీధి చివర వాచీ మెకానిక్ బ్యాటరీలు, బెల్టులు మార్చి బతుకుతున్నాడు. చూపుకి ఫీజు పెట్టినంత మాత్రాన అతని పని తిరిగి రాదు.

ఇవ్వలేనివాళ్ల సంగతి కూడా ఉంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు నీళ్లు సింగ్‌నగర్‌ని ముంచినప్పుడు బాబాయి గారి ఇంట్లోనూ నడుముదాకా నీళ్లు. స్పేర్ల పెట్టె, పాత మైక్రోస్కోపు భాగాలు, ముప్పై ఏళ్లు దాచుకున్న చిన్న చిన్న మరలు, అన్నీ బురదలో. నీళ్లు తీశాక ఆయన తన ఇల్లు ఇంకా కడగకుండానే ఆ వీధిలో కిరాణా కొట్ల కాటాలు ముందేసుకున్నారు. మూత విప్పి మంచినీళ్లతో బురద కడగడం, బోర్డుని స్పిరిటుతో తుడవడం, ఎండలో ఆరబెట్టడం. బ్యాటరీలు పోయాయి గానీ, కొన్ని కాటాల్లో మిగతాదంతా బతికింది. ఎవరి దగ్గరా కూలి తీసుకోలేదు.

దీన్ని నా వాదనకి ఎదురు ఉదాహరణగా చెప్పారు మా వారు. చూశావా, ఆయనే ఉచితంగా చేశారు అని. నేనలా అనుకోవడం లేదు. ఉచితంగా చెయ్యడం ఆయన నిర్ణయం. ఎవరి దగ్గర తీసుకోకూడదో ఆయనకి తెలుసు. నేనిచ్చిన 300 అలాంటిది కాదు. మిగతా 500 ఆయన వదులుకోలేదు, నేను తీసేసుకున్నాను.

స్లిప్పు పుస్తకం

కాలిపోయిన బోర్డులా చేతిలో పెట్టడానికి ఏదో ఒకటి కావాలి. మా ల్యాబులో నార్మల్ అన్న మాటకి డబ్బిస్తున్నారంటే, దాన్ని కాగితం మీద అంకెలతో రాసి ఇస్తున్నాం కాబట్టి. అందుకని బ్రాడీపేటలో ఒక ప్రెస్సులో వంద కాగితాల స్లిప్పు పుస్తకం అచ్చు వేయించాను. పరికరం పేరు, వచ్చిన ఇబ్బంది, ఏమేం చూశారు, ముందు ఎలా ఉంది, తర్వాత ఎలా ఉంది, మార్చినవి, చూసినందుకు ఫీజు. బాబాయి గారు మొదట "నేనేమన్నా డాక్టర్నా అమ్మా" అని సిగ్గుపడ్డారు. తర్వాత వాడటం మొదలుపెట్టారు.

మూడు నెలల్లో మార్చాల్సిందేమీ లేని చోట్లు 52. అందులో 33 చోట్ల 300 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఇచ్చారు. ఒక ల్యాబాయన "ఈ కాగితాలన్నీ ఎందుకండీ" అని స్లిప్పు వెనక్కిచ్చేశాడట. సంచిలో బోర్డు పెట్టుకుని తిరిగే కుర్రాడు కూడా రేపు ఇలాంటి పుస్తకం వేయించుకోవచ్చు, దాన్ని ఎవరూ ఆపలేరు. అయినా రీడింగులు రాసి ఉంటే తర్వాత వచ్చిన మెకానిక్ పోల్చి చూడగలడు. నోటిమాటకి ఆ వీలు లేదు.

ఇక మా పిల్లాడి సంగతి. బాబాయి గారు వాడికి నెలకి 4,000, బస్సు ఖర్చులు ఇస్తున్నారు. 20,500 మిగిలే మనిషి అంతకన్నా ఏమిస్తారు? హైదరాబాదులో ఒక కంపెనీ 14,000 ఇస్తానంది. మా అక్క రోజూ ఫోన్ చేసి పంపించెయ్యమంటోంది. వాడు వెళ్లిపోతే ఐపీసు తలకిందులు చేసి చూడటం బాబాయి గారితోనే ఆగిపోతుంది. ఆ భయంతో వాణ్ణి ఆపే హక్కు నాకు లేదు. సంక్రాంతిదాకా చూస్తానన్నాడు.

నిన్న మా సెంట్రిఫ్యూజు కుదుపుతోందంటే వాడొక్కడే వచ్చాడు. ట్యూబులు పెట్టే గిన్నెలన్నీ తీసి, ఎదురెదురు గిన్నెల్ని జతలుగా మా చిన్న కాటా మీద తూచాడు. ఒక జతలో మూడు గ్రాముల తేడా. ఒకదాని అడుగున ఉండాల్సిన రబ్బరు దిండు లేదు. కడిగినప్పుడు ఊడిపోయి సింకు పక్క డబ్బాలో పడి ఉంది. దాన్ని పెట్టి, మళ్లీ తూచి, మోటారు తిప్పి చూసి, స్లిప్పు రాయడానికి కూర్చున్నాడు. మార్చినవి: ఏమీ లేవు. ఫీజు దగ్గరికి వచ్చేసరికి ఆగి నా వైపు చూశాడు.

"నువ్వే రాయి" అన్నాను.

300 అని రాశాడు. కాసేపు దాన్నే చూసి, కొట్టేసి, పక్కన 400 అని రాశాడు.